ప్రోగ్రామ్ ఆగకుండా కీబోర్డ్ ఇన్‌పుట్ తీసుకోవడం ఎలా? స్నేక్ గేమ్‌తో నేర్చుకుందాం

1997లో నోకియా 6110 ఫోన్‌తో పాటు స్నేక్ గేమ్ వచ్చింది. నోకియాలో పనిచేసిన టానెలి అర్మాంటో అనే ఇంజినీర్ ఆ ఫోన్ కోసం దాన్ని రాశారు. మన దగ్గర చాలామంది దాని తర్వాతి వెర్షన్‌ని 3310, 1100 ఫోన్లలో ఆడి ఉంటారు. ఆ గేమ్‌లో మీరు బటన్ నొక్కినా, నొక్కకపోయినా పాము పోతూనే ఉంటుంది. మీరు నొక్కేది దాన్ని నడిపించడానికి కాదు, పక్కకి తిప్పడానికి మాత్రమే.

ఇప్పుడు అదే గేమ్‌ని కొత్తగా పైథాన్ నేర్చుకునేవాళ్లు రాస్తే ఏమవుతుందో చూడండి. మా పిన్ని కొడుకు డిప్లొమా సెకండ్ ఇయర్. రెండు రోజుల్లో ల్యాబ్‌లో మినీ ప్రాజెక్ట్ చూపించాలని స్నేక్ గేమ్ మొదలుపెట్టాడు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, నా పాము ప్రతి అడుగుకీ ఎంటర్ కొట్టమంటోంది. కొట్టకపోతే అక్కడే ఆగిపోతోంది. నాకు ఈ కోడింగ్ రాదేమో అన్నా" అన్నాడు.

వాడి కోడ్‌లో పెద్ద తప్పేమీ లేదు. వాడు వాడిన ఇన్‌పుట్ ఫంక్షన్ పనే ఆగడం. ఈ ఒక్క పాయింట్ దగ్గర విసుగొచ్చి వదిలేసేవాళ్లు ఉంటారు కాబట్టి ఈ ఆర్టికల్‌లో దీన్ని మొదటి నుంచి, నిదానంగా చూద్దాం.

ఒక మాట ముందే. ఇది కాపీ పేస్ట్ చేసుకునే కోడ్ కాదు. ఫంక్షన్ల పేర్లు తెలుగులో రాసి, అవసరమైన చోట స్పెల్లింగ్ కూడా చెప్తాం. లాజిక్ అర్థమైతే మీరే టైప్ చేసుకోగలరు.

ఇన్‌పుట్ ఫంక్షన్ ఎందుకు ఆగుతుంది?

మీరు పైథాన్‌లో ఇన్‌పుట్ అని, సి లాంగ్వేజ్‌లో స్కాన్ఎఫ్ అని రాసినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కి మీరు చెప్పేది ఇది: "యూజర్ ఒక లైన్ టైప్ చేసి ఎంటర్ కొట్టేదాకా నన్ను నిద్రపుచ్చు. కొట్టాక లేపు." అప్పటిదాకా మీ ప్రోగ్రామ్‌లో తర్వాతి లైన్ రన్ అవ్వదు. దీన్నే బ్లాకింగ్ అంటారు.

ఇలా పెట్టడానికి కారణం ఉంది. పేరు టైప్ చేస్తూ తప్పు పడితే బ్యాక్‌స్పేస్ కొట్టి సరిచేసుకుంటాం కదా? ఆ సరిచేసుకునే అవకాశం ఉండాలంటే ఎంటర్ కొట్టేదాకా అక్షరాలు ప్రోగ్రామ్‌కి చేరకూడదు. పేరు, వయసు, మార్కులు అడిగే ప్రోగ్రామ్‌కి ఇదే కరెక్ట్. కానీ గేమ్‌కి, స్టాప్‌వాచ్‌కి, డౌన్‌లోడ్ ప్రోగ్రెస్ చూపించే ప్రోగ్రామ్‌కి ఇది పనికిరాదు.

కొంతమంది ఇక్కడ సి లో ఉండే గెట్‌సిహెచ్ (జి, ఇ, టి, సి, హెచ్) వాడతారు. దీనికి ఎంటర్ అక్కర్లేదు, ఒక్క కీ చాలు. కానీ ఆ ఒక్క కీ కోసం ఇది కూడా ఆగుతుంది. అంటే సగం సమస్యే తీరింది.

అసలు ఐడియా: గేటుకి తగిలించిన సంచి

మన ఇళ్లలో పాల ప్యాకెట్ కోసం రాత్రే గేటుకి సంచి తగిలిస్తాం. పాలబ్బాయి ఎప్పుడొస్తాడో అని గేటు దగ్గర నిలబడం. మన పని మనం చేసుకుంటూ మధ్యలో ఒకసారి వెళ్లి సంచిలో ప్యాకెట్ ఉందా అని చూస్తాం. ఉంటే తెచ్చుకుంటాం, లేకపోతే వెనక్కి వచ్చేస్తాం.

కంప్యూటర్‌లో కూడా అలాంటి సంచి ఉంటుంది. దాని పేరు కీబోర్డ్ బఫర్. మీరు నొక్కిన కీలు ముందు అందులో పడతాయి. పాత డాస్ పీసీల్లో ఈ బఫర్‌లో 15 కీలే పట్టేవి. అది నిండాక ఇంకో కీ నొక్కితే బీప్ మనేది. ఇప్పటి సిస్టమ్స్‌లో సంచి చాలా పెద్దది. అంటే మీ ప్రోగ్రామ్ చూడకపోయినా కీ ఎక్కడికీ పోదు, మీరు తీసుకునేదాకా అక్కడే ఉంటుంది. కాబట్టి ప్రోగ్రామ్ గేటు దగ్గర కాపలా కాయాల్సిన పని లేదు.

దీనికి రెండు ఫంక్షన్లు కావాలి:

1. కెబిహిట్ (కె, బి, హెచ్, ఐ, టి): సంచిలో ఏమైనా ఉందా అని చూసి వెంటనే జవాబు చెప్తుంది. ఆగదు. సంచిలోంచి ఏమీ తీయదు.
2. గెట్‌సిహెచ్: సంచిలోంచి ఒక కీ బయటికి తీస్తుంది. ఏమీ లేకపోతే ఆగుతుంది.

ముందు కెబిహిట్‌తో చూసి, ఉందని తెలిశాకే గెట్‌సిహెచ్‌ని పిలిస్తే అది ఆగే అవకాశమే లేదు. ఈ ఆర్టికల్ మొత్తానికి అసలు పాయింట్ ఇదే.

విండోస్‌లో పైథాన్‌తో: ముందు స్టాప్‌వాచ్

నేరుగా స్నేక్ గేమ్‌కి వెళ్లకండి. పది పన్నెండు లైన్ల స్టాప్‌వాచ్‌తో మొదలుపెడితే ఎక్కడ తప్పు ఉందో సులువుగా కనిపిస్తుంది.

స్టెప్ 1: ఎం, ఎస్, వి, సి, ఆర్, టి అనే ఆరక్షరాల మాడ్యూల్‌ని, టైమ్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేయండి. మొదటిది విండోస్ పైథాన్‌తోనే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పైన చెప్పిన రెండు ఫంక్షన్లూ అందులోనే ఉన్నాయి.

స్టెప్ 2: సెకన్లు అనే వేరియబుల్‌లో సున్నా పెట్టండి.

స్టెప్ 3: వైల్ ట్రూ లూప్ మొదలుపెట్టండి.

స్టెప్ 4: లూప్ లోపల ముందుగా, కెబిహిట్ ట్రూ అయితేనే గెట్‌డబ్ల్యూసిహెచ్ (జి, ఇ, టి, డబ్ల్యూ, సి, హెచ్) తో కీ తీసుకోండి. వచ్చింది క్యూ అక్షరం అయితే బ్రేక్ చేయండి.

స్టెప్ 5: ఇఫ్ బయటికి వచ్చి సెకన్లు ప్రింట్ చేయండి, ఒకటి కలపండి, టైమ్ మాడ్యూల్‌లోని స్లీప్‌తో 1 సెకను ఆగండి.

స్టెప్ 4లో గెట్‌సిహెచ్ బదులు గెట్‌డబ్ల్యూసిహెచ్ ఎందుకంటే, పైథాన్‌లో మొదటిది బైట్స్ రూపంలో ఇస్తుంది. దాన్ని మామూలు స్ట్రింగ్‌తో పోలిస్తే ఎప్పటికీ సమానం కాదు. "క్యూ నొక్కుతున్నా ప్రోగ్రామ్ ఆగట్లేదు" అంటే ముందు ఇదే చూడండి. రెండోది మామూలు స్ట్రింగే ఇస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. దీన్ని ఐడిల్ విండోలో రన్ చేస్తే సరిగ్గా పనిచేయదు, ఎందుకంటే అది నిజమైన కన్సోల్ కాదు. ఫైల్ సేవ్ చేసి కమాండ్ ప్రాంప్ట్‌లో రన్ చేయండి. కోడ్ కరెక్ట్‌గా ఉన్నా రాత్రంతా తల పట్టుకునేది ఇలాంటి చోటే.

ఇప్పుడు రన్ చేసి చూడండి. సెకన్లు వాటంతట అవే పెరుగుతాయి. క్యూ నొక్కితే ఆగుతుంది. కాకపోతే నొక్కాక దాదాపు సెకను ఆలస్యం అవుతుంది. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

కాలేజీలో టర్బో సి వాడేవాళ్లకి: కెబిహిట్, గెట్‌సిహెచ్ రెండూ కోనియో హెడర్ ఫైల్‌లో ఉంటాయి. లాజిక్ అచ్చం ఇదే. విండోస్‌లో కొత్త సి కంపైలర్లు వాడితే ఈ రెండు పేర్ల ముందు అండర్‌స్కోర్ పెట్టాలి.

యారో కీలు ఎందుకు తికమక పెడతాయి?

స్టాప్‌వాచ్ అయ్యాక స్నేక్‌కి యారో కీలు పెడతారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మామూలు అక్షరం నొక్కితే సంచిలో ఒక్క కోడ్ పడుతుంది. యారో కీ నొక్కితే రెండు పడతాయి. మొదటిది "వచ్చేది స్పెషల్ కీ" అని చెప్పే గుర్తు. విండోస్‌లో ఇది సాధారణంగా 224. నంబర్ ప్యాడ్ మీది యారోలకి, టర్బో సి లో యారోలకి 0. రెండోది అసలు కీ:

పైకి: 72
కిందికి: 80
ఎడమకి: 75
కుడికి: 77

కాబట్టి మొదట వచ్చింది 0 గానీ 224 గానీ అయితే, ఇంకోసారి కీ తీసుకుని ఆ రెండో నంబర్‌ని చూడాలి. పైథాన్‌లో అక్షరాన్ని నంబర్‌గా మార్చడానికి ఆర్డ్ ఫంక్షన్ వాడండి. రెండో కోడ్ తీయడం మర్చిపోతే అది తర్వాతి రౌండ్‌లో మామూలు అక్షరంలా బయటికొస్తుంది. 72 అంటే పెద్ద హెచ్, 80 అంటే పెద్ద పి. మీ గేమ్‌లో పి అక్షరానికి పాజ్ పెట్టి ఉంటే, కిందికి యారో నొక్కగానే గేమ్ పాజ్ అయిపోతుంది!

బటన్ వదిలేసినా పాము మాట వినట్లేదా?

ఇప్పుడు పాము నడుస్తోంది, తిరుగుతోంది. కానీ కాసేపు ఆడాక ఒక వింత కనిపిస్తుంది. కుడి యారో నొక్కి పట్టుకుని, వదిలేసి, పైకి నొక్కితే పాము వెంటనే తిరగదు. కొన్ని సెకన్ల తర్వాత, గోడకి గుద్దుకోబోయే టైమ్‌కి తిరుగుతుంది. చాలామంది దీన్ని ల్యాప్‌టాప్ స్లో అనుకుంటారు. కాదు, ఇది లెక్క.

కీ నొక్కి పట్టుకుంటే ముందు చిన్న గ్యాప్ వచ్చి, తర్వాత అదే కీ మళ్లీ మళ్లీ పడుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో ఆ గ్యాప్ సుమారు పావు సెకను నుంచి 1 సెకను దాకా, రిపీట్ స్పీడ్ సెకనుకి దాదాపు 2.5 నుంచి 30 సార్ల దాకా పెట్టుకోవచ్చు.

గ్యాప్ అర సెకను, స్పీడ్ 30 అనుకుందాం. 2 సెకన్లు పట్టుకుంటే మొదటి నొక్కుతో కలిపి దాదాపు 46 కీలు సంచిలో పడతాయి. మీ పాము సెకనుకి 5 అడుగులు వేస్తూ, అడుగుకి ఒక్క కీ చొప్పున తీసుకుంటోంది. ఆ 2 సెకన్లలో 10 తీసింది. ఇంకా 36 మిగిలాయి. అవి అయ్యేసరికి మరో 7 సెకన్లు. మీరు నొక్కిన పైకి యారో ఆ 36 వెనకాల లైన్లో నిలబడి ఉంటుంది. నాలుగు రోజుల పాల ప్యాకెట్లు సంచిలోనే వదిలేస్తే పాతవే ముందు చేతికొచ్చినట్టు!

పరిష్కారం: ఇఫ్ కెబిహిట్ బదులు వైల్ కెబిహిట్ రాయండి. అంటే ప్రతి అడుగుకి ముందు సంచి మొత్తం ఖాళీ చేసేయండి. అప్పుడు పాత కీలు మిగలవు.

అయితే ఖాళీ చేసిన కీలని ఏం చేయాలి? ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి.

మొదటిది, ప్రతి కీకి దిశని వెంటనే మార్చేయడం. పాము కుడికి పోతోంది. ఒకే అడుగు టైమ్‌లో మీరు చకచకా పైకి, ఎడమకి నొక్కారు. దిశ కుడి నుంచి పైకి, పై నుంచి ఎడమకి మారింది. కానీ ఈలోపు పాము ఒక్క అడుగు కూడా వేయలేదు. ఇప్పుడు ఎడమకి అడుగేస్తే తన మెడని తానే కొరుక్కుని గేమ్ ఓవర్. "వెనక్కి తిరగకూడదు" అనే కండిషన్ రాసినా ఇది జరుగుతుంది, ఎందుకంటే ఒక్కో మార్పు విడిగా చూస్తే కరెక్టే.

రెండోది, చివరి కీ మాత్రమే ఉంచుకోవడం. అదే సందర్భంలో చివరిది ఎడమ. పాము కుడికి పోతోంది కాబట్టి అది రివర్స్ అని కొట్టేస్తారు. పైకి అన్నది ముందే పోయింది. పాము ఏమీ వినకుండా నేరుగా వెళ్లి గోడకి కొట్టుకుంటుంది.

సరైన పద్ధతి ఇది. ఒక చిన్న లిస్ట్ పెట్టుకోండి. సంచిలోంచి తీసిన ప్రతి దిశనీ లిస్ట్‌లోని చివరి దిశతో పోల్చండి. లిస్ట్ ఖాళీగా ఉంటే పాము ఇప్పుడు పోతున్న దిశతో పోల్చండి. అదే దిశ అయినా, దానికి వ్యతిరేక దిశ అయినా వదిలేయండి. లిస్ట్‌లో ఇప్పటికే రెండు ఉన్నా వదిలేయండి. మిగతావి చేర్చండి. పాము ప్రతి అడుగుకీ లిస్ట్ మొదటి నుంచి ఒక్కటే తీసుకోవాలి. దీంతో పట్టుకున్న కీ రిపీట్లు పోగుపడవు, చకచకా నొక్కిన యూ టర్న్ కూడా పోదు.

స్లీప్ ఎంత పెట్టాలి?

లూప్‌లో స్లీప్ అసలు పెట్టకపోతే ప్రోగ్రామ్ సెకనుకి వేల సార్లు సంచి దగ్గరికి పరిగెడుతుంది. ప్రాసెసర్‌లో ఒక కోర్ మొత్తం దానికే పోతుంది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ గట్టిగా తిరగడం, ఫోన్ వేడెక్కడం, బ్యాటరీ తగ్గిపోవడం అందుకే.

మరీ ఎక్కువ పెడితే స్టాప్‌వాచ్‌లో చూసిన ఆలస్యం వస్తుంది. స్లీప్ కూడా ఒక రకమైన ఆగడమే కదా. 1 సెకను స్లీప్‌లో ఉన్నప్పుడు కీ నొక్కితే, లేచాకే చూస్తుంది.

మధ్యే మార్గం: చూడటాన్ని, నడవటాన్ని విడదీయండి. లూప్‌లో స్లీప్ 0.01 సెకను మాత్రమే పెట్టండి. టైమ్ మాడ్యూల్‌లోని మోనోటానిక్ ఫంక్షన్‌తో ఇప్పటి టైమ్ తీసుకుని, చివరి అడుగు నుంచి 0.2 సెకను దాటితేనే పాముని కదపండి. కీలు సెకనుకి దాదాపు వంద సార్ల దాకా చూస్తారు, పాము మాత్రం 5 సార్లే కదులుతుంది. లెవల్ పెరిగేకొద్దీ స్పీడ్ పెంచాలంటే ఆ 0.2ని తగ్గిస్తే చాలు, కీబోర్డ్ కోడ్ జోలికి వెళ్లక్కర్లేదు. స్టాప్‌వాచ్‌ని కూడా ఇలాగే మార్చి చూడండి, క్యూ నొక్కగానే ఆగుతుంది.

ల్యాప్‌టాప్ లేదా? ఫోన్‌లో, లైనక్స్‌లో ఇలా

ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ యాప్ వాడి పైథాన్ నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ, లైనక్స్‌లో పైన చెప్పిన ఆరక్షరాల మాడ్యూల్ ఉండదు. ఇంపోర్ట్ చేయగానే ఎర్రర్ వస్తుంది. దాని బదులు కర్సెస్ (సి, యు, ఆర్, ఎస్, ఇ, ఎస్) మాడ్యూల్ వాడండి. ఇది చాలా సులువు కూడా.

1. మీ గేమ్ మొత్తాన్ని ఒక ఫంక్షన్‌గా రాసి, కర్సెస్‌లోని ర్యాపర్‌కి ఇవ్వండి. అది మీ ఫంక్షన్‌కి స్క్రీన్ అనే ఆబ్జెక్ట్ ఇస్తుంది.
2. ఆ స్క్రీన్ మీద నోడిలే ఫంక్షన్‌ని ట్రూ అని పిలవండి. దీంతో కీ కోసం ఆగడం పోతుంది.
3. స్క్రీన్ మీద గెట్‌సిహెచ్ పిలవండి. కీ ఉంటే దాని నంబర్, లేకపోతే మైనస్ 1 ఇస్తుంది. ఇక్కడ కెబిహిట్ అక్కర్లేదు. సంచి ఖాళీ చేయాలంటే మైనస్ 1 వచ్చేదాకా తీస్తూ పోవడమే.

యారో కీల చిక్కు కూడా ఇక్కడ లేదు. లైనక్స్ టెర్మినల్‌లో పైకి యారో నొక్కితే నిజానికి 27, 91, 65 అని మూడు కోడ్‌లు వస్తాయి. కర్సెస్ వాటిని కలిపి ఒకే నంబర్‌గా ఇస్తుంది. టర్మక్స్‌లో కీబోర్డ్ పైన ఉండే అదనపు వరసలో యారోలు ఉంటాయి. లేదంటే వాల్యూమ్ అప్ బటన్ పట్టుకుని డబ్ల్యూ, ఎ, ఎస్, డి నొక్కినా యారోలుగా పనిచేస్తాయి.

ర్యాపర్ ఎందుకు వాడాలంటే, గేమ్ మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోయినా అది టెర్మినల్‌ని మళ్లీ మామూలు స్థితికి తెస్తుంది. అది లేకుండా రాసి క్రాష్ అయితే, మీరు టైప్ చేసేది స్క్రీన్ మీద కనిపించదు. అలా జరిగితే భయపడకండి. కనిపించకపోయినా రీసెట్ అనే ఐదక్షరాల కమాండ్ టైప్ చేసి ఎంటర్ కొట్టండి, సాధారణంగా సరైపోతుంది.

బొమ్మలతో గేమ్ కావాలంటే

కన్సోల్ దాటి విండో, రంగులు, బొమ్మలు కావాలంటే పైగేమ్ లైబ్రరీ ఉంది. అందులో సంచి పేరు ఈవెంట్ క్యూ. ప్రతి ఫ్రేమ్‌లో ఈవెంట్ గెట్ పిలిచి దాన్ని ఖాళీ చేయాలి. ఖాళీ చేయకపోతే విండోస్ మీ గేమ్ విండో మీద "నాట్ రెస్పాండింగ్" అని చూపిస్తుంది. స్నేక్‌కి కీ డౌన్ ఈవెంట్ చాలు. కారు గేమ్‌లో యాక్సిలరేటర్‌లా పట్టుకుని ఉంచాల్సిన కీలకి గెట్ ప్రెస్డ్ వాడండి. "ఈ క్షణంలో ఈ కీ నొక్కి ఉందా" అన్నది అదే చెప్తుంది.

పనిచేయకపోతే ముందు ఇవి చూడండి

పాము ఒక్క అడుగేసి ఆగిపోతోంది: లూప్‌లో ఎక్కడో ఇన్‌పుట్ గానీ, కెబిహిట్ లేకుండా గెట్‌సిహెచ్ గానీ ఉంది.

ఒక్కసారి నొక్కితే ఎప్పటికీ నొక్కినట్టే ఉంది: కెబిహిట్‌తో చూశారు, కానీ గెట్‌సిహెచ్‌తో తీయలేదు. సంచిలో ప్యాకెట్ అలాగే ఉంటే ఎన్నిసార్లు చూసినా ఉందనే చెప్తుంది. వైల్ కెబిహిట్ లోపల ఇలా మర్చిపోతే ప్రోగ్రామ్ అక్కడే ఇరుక్కుపోతుంది.

ఆలస్యంగా తిరుగుతోంది: సంచి ఖాళీ చేయట్లేదు, లేదా స్లీప్ ఎక్కువైంది.

కీ నొక్కినా ఏమీ అవ్వట్లేదు: ఐడిల్‌లో రన్ చేస్తున్నారా? క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉందా? పెద్ద క్యూ, చిన్న క్యూ వేరువేరు.

చివరగా

పేరు అడిగి హలో చెప్పే ప్రోగ్రామ్ యూజర్ కోసం ఆగుతుంది. గేమ్ ఎవరి కోసమూ ఆగదు. తన పని తాను చేసుకుంటూ, మధ్యమధ్యలో మనల్ని పట్టించుకుంటుంది. మీ ఫోన్‌లో మ్యూజిక్ ప్లేయర్ పాట ఆపకుండానే మీ టచ్‌ని గమనిస్తోందంటే, దాని వెనక ఉన్నది కూడా ఇలాంటి ఆలోచనే. కాబట్టి మీరు నేర్చుకున్నది ఒక్క స్నేక్ గేమ్‌కి పనికొచ్చే చిట్కా కాదు.

మా తమ్ముడు ఆ రాత్రి మార్చింది మొత్తం కలిపి ఆరేడు లైన్లు. ఒంటిగంటకి వీడియో పంపించాడు. అందులో వాడి చేతులు రెండూ కీబోర్డ్ మీద లేవు, గాల్లో ఉన్నాయి. పాము మాత్రం పోతూనే ఉంది.